చూపు బాగానే ఉంటే మధుమేహులకు కంటి పరీక్ష ఎందుకు?

షుగర్ ఉన్నా చూపు స్పష్టంగానే ఉన్నవారికి కంటి పరీక్ష అవసరమా అన్నది ప్రశ్న. తప్పనిసరిగా అవసరం, ఎందుకంటే షుగర్ వల్ల కంటికి వచ్చే జబ్బు (డయాబెటిక్ రెటినోపతి) తొలి దశలో నొప్పి గానీ మసక గానీ కలిగించదు.

రక్తంలో గ్లూకోజు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, కంటి లోపలి పొర అయిన రెటీనాలోని సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడి, అక్కడక్కడా బుడిపెల్లా ఉబ్బి, నీరూ రక్తమూ బయటికి ఊరుతాయి. ఆ నీరు రెటీనా నడిబొడ్డున ఉండే మాక్యులాలో చేరితే అక్షరాలు మసకబారుతాయి, తలుపు అంచు వంటి తిన్నని గీత వంకరగా కనిపిస్తుంది. నాళాలు మూసుకుపోయిన చోట ప్రాణవాయువు అందక కొత్తవి పుట్టుకొస్తాయి గానీ, అవి పెళుసువి, సులువుగా చిట్లిపోతాయి.

టైప్ 2 వారు షుగర్ బయటపడగానే, టైప్ 1 వారు షుగర్ మొదలైన 5 ఏళ్లలోపు, ఆపై సాధారణంగా ఏటా, చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి. అద్దాల నంబరు చూపించుకోవడం ఇందుకు బదులు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మధుమేహం ఉన్న స్త్రీ గర్భం దాల్చితే తొలి 3 నెలల్లోనే పరీక్ష జరగాలి. గత రెండు మూడు నెలల సగటు గ్లూకోజును చూపే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 శాతం లోపు ఉండటం మంచిది. రక్తపోటు అదుపు కూడా అంతే ముఖ్యం. పొగ మానాలి.

కంటి జబ్బు ముదిరితే కంటిలోకి ఇంజెక్షన్లు, లేజర్, విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీ వంటి పదార్థాన్ని తొలగించే శస్త్రచికిత్స) ఉన్నాయి. అయితే ఇవి ప్రధానంగా ఉన్న చూపును నిలబెడతాయి, పోయినదంతా తిరిగి తేలేవు. హఠాత్తుగా చూపులో నల్లని దారాలు తేలినా, తెర దిగినట్టు కనిపించినా, ఆ రోజే వైద్యుణ్ణి కలవండి.