బతికున్న పొట్టేలు ఆహారం కాదు

ప్రశ్న: మాది పామూరు దగ్గర పల్లె. 2023 ఆగస్టులో ఒక దాణా ఏజెంటు మాట నమ్మి, బిల్లు లేకుండా, పెట్టె మీద పేరు కూడా చదవకుండా, 32 జోడిపి (నెల్లూరు జాతి) పొట్టేలు పిల్లలకు చెవి వెనక బరువు పెంచే హార్మోను గుళికలు పెట్టించాను. నాలుగింటికి మలద్వారం బయటికి జారింది. పశువుల ఆసుపత్రిలో చూపించినా దక్కలేదు. మిగతా 28 పిల్లలను నవంబరు 18న మా ఊళ్లోనే ఒక మాంసం వ్యాపారికి ప్రాణంతోనే తూకం వేసి ఇచ్చాను. సంతకం పెట్టిన తూకం చీటీ ఉంది. కోసి అమ్ముకున్నాక, మాంసం గట్టిగా ఉంది, కొవ్వు లేదు, మందు పెట్టావంటూ 1,46,000 రూపాయలు ఆపేశాడు. సంక్రాంతికి ఇస్తానని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. ఇప్పుడు అడిగితే ఫుడ్ సేఫ్టీ కేసు పెట్టిస్తానంటున్నాడు. అమ్మాయి పెళ్లి ఆగిపోయేలా ఉంది. ఏ మందూ వాడలేదని పాత తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోమని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది: ‘ప్రాణంతోనే తూకం వేసి’.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 సెక్షన్ 3 ప్రకారం, తినడానికి అమ్మేందుకు సిద్ధం చేస్తే తప్ప బతికున్న జంతువు ఆహారం కిందికి రాదు. సెక్షన్ 18(3) రైతునూ, పశువులనూ ఆ చట్టం నుంచి తప్పించింది. కోసి, కొట్లో వేలాడదీసి అమ్మింది ఆ వ్యాపారి. మాంసంలో మందు అవశేషాలుంటే ముందు జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయనే. పైగా ఆ చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు గడువు ఏడాది. కమిషనర్ కారణాలు రాసి పొడిగించినా మూడేళ్లే. ఆ బెదిరింపును పక్కన పెట్టండి. మీరే కోసి అమ్మి ఉంటే ఈ ధైర్యం చెప్పేవాణ్ణి కాదు.

ఇక బాకీ. సరుకు తీసుకుని కోసేసిన కొనుగోలుదారు దాన్ని అంగీకరించినట్టే (వస్తు విక్రయ చట్టం, 1930, సెక్షన్ 42). ఆ తర్వాత తిరస్కరించడానికి లేదు. నాణ్యత తగ్గిందని రుజువు చేస్తే ధరలో కొంత తగ్గింపు అడగొచ్చు, అంతే. ఆ రుజువు ఆయన దగ్గర లేదు, ఎందుకంటే మాంసం మిగల్లేదు. ఈ రకం గుళికల్లో పేరున్న జెరనాల్‌ను అమెరికాలో గొర్రెపిల్లకు 12 మిల్లీగ్రాములు పెడతారు, 40 రోజుల్లోపు కోయకూడదంటారు. ఐరోపా సమాఖ్యలో నిషేధం. కొవ్వు తగ్గడం దాని గుణమే. మాంసం కాస్త గట్టిపడవచ్చు కూడా. కానీ బీజాలున్న పొట్టేలులో సొంత హార్మోనే ఉంటుంది కాబట్టి గుళిక ప్రభావం తక్కువ. గట్టిదనానికి వేరే కారణాలూ ఉన్నాయి. కోసిన కొద్ది గంటల్లో, కండరం బిగుసుకుని ఉండగానే అమ్మితే ఏ మాంసమైనా గట్టిగానే ఉంటుంది. లారీలో ఆకలితో, బెదురుతో వచ్చిన జీవానికి కండరంలో గ్లైకోజెన్ అయిపోతుంది, ఆమ్లత సరిగా రాదు, మాంసం నల్లబడుతుంది. శాంపిల్ లేకుండా వీటిలో ఏది కారణమో ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

అయితే ఒకటి నిజం చెప్పండి. కొనేటప్పుడు ఆయన ‘ఏమైనా మందు పెట్టావా’ అని అడిగాడా? మీరు లేదన్నారా? అడగనప్పుడు ఊరుకోవడం మామూలుగా మోసం కాదు. అడిగితే లేదనడం మోసం. మీ కేసులో బలహీనత ఉంటే అక్కడే ఉంటుంది.

ఆ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. మలద్వారం జారడం జెరనాల్ పెట్టిన పిల్లల్లో తెలిసిన ఇబ్బందే. మీ నాలుగు పిల్లలూ ఆసుపత్రి రిజిస్టరులో ఉండి ఉంటాయి. పాత తేదీ కాగితం ఆ రిజిస్టరు ముందు నిలవదు. గెలవాల్సిన సివిల్ దావా పోయి, మీ మీద, డాక్టరు మీద ఫోర్జరీ కేసు మిగులుతుంది. నోటీసులో కూడా మందు పెట్టలేదని రాయొద్దు. మందు గురించి అసలు ఎత్తకండి. సరుకు ఇచ్చాను, డబ్బు రాలేదు అన్నంత వరకే రాయించండి.

బిల్లు లేకుండా, పెట్టె మీద పేరు కూడా చదవకుండా మందు పెట్టించడం మీ తప్పే. ఖాళీ పెట్టెనైనా ఉంచుకుని ఉంటే ఏజెంటు మీద ఏదో ఒకటి చేయడానికి ఉండేది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు దాటింది. ‘నాకు తెలియదు’ అన్నందుకు ఆలస్యాన్ని మన్నించరు. ఏజెంటు వెనక తిరగడం మానుకుని బాకీ మీద పడండి.

సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు, అంటే 2026 నవంబర్ 18 లోపు దావా వేయాలి. సంక్రాంతి వరకు గడువిచ్చానని లెక్క సాగదీయకండి. నోటీసు ఇచ్చినా, పెద్దమనుషుల పంచాయితీ నడుస్తున్నా గడువు ఆగదు. ఆయన వాయిస్ బాకీకి సాక్ష్యమే గానీ గడువు పెంచదు. దానికి సంతకంతో కూడిన రాత కావాలి. కాబట్టి ముందు ‘ఇంత బాకీ ఉన్నాను’ అని తేదీ వేసి సంతకం పెట్టమనండి. గడువు లోపు పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. పెట్టకపోతే 15 రోజుల నోటీసు ఇచ్చి, సరుకు మీ ఊళ్లోనే అప్పగించారు గనక కనిగిరి కోర్టులో దావా వేయండి. తూకం చీటీ అసలు కాగితం వకీలుకు ఇచ్చి రసీదు తీసుకోండి. వాయిస్‌కు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే కాగితం, జతచేయాలి. ఆ ఫోను మార్చకండి, రిపేరుకూ ఇవ్వకండి.