బొప్పాయి రసం ల్యాబ్‌లో పనికొస్తుందా?

ప్రశ్న: మేడం, ఎమ్మెస్సీ బయోటెక్ ప్రాజెక్టు కోసం మేక కార్జం నుంచి డీఎన్‌ఏ తీస్తున్నాను. ప్రొటీన్‌ని కోసే ఎంజైమ్ ప్రొటినేజ్-కె వేసి 56 డిగ్రీల్లో గంట ఉంచినా ముక్క కరగడం లేదు. డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో కాంతితో కొలిచి చెప్పే 260/280 నిష్పత్తి 1.5 దాటట్లేదు. ఎంజైమ్ ఖరీదని గైడ్‌గారు ఇంకొంచెం వేయనివ్వరు. మా అమ్మ మటన్‌లో పచ్చి బొప్పాయి వేస్తుంది కదా, ఆ రసం వాడొచ్చా? అసలు ఈ ప్రొటినేజ్-కె డీఎన్‌ఏని కూడా తినేయదా? తర్వాత ఆర్‌ఎన్‌ఏ కూడా తీయాలి, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: తినదమ్మా. అది కోసేది ప్రొటీన్‌లోని పెప్టైడ్ బంధాలను. డీఎన్‌ఏలో అవి ఉండవు. బొప్పాయి మాత్రం వంటింట్లోనే ఉండనివ్వండి. ఆ రసంలో మాంసాన్ని మెత్తబరిచే పపెయిన్ ఎంజైమ్ ఒక్కటే ఉండదు, డీఎన్‌ఏని తెగ్గొట్టే ఎంజైములూ ఉండొచ్చు. పైగా బొప్పాయి సొంత డీఎన్‌ఏ మీ గొట్టంలో చేరుతుంది. రేపు మీరు చదివేది మేకదో, బొప్పాయిదో!

ప్రొటినేజ్-కె ట్రిటిరాకియం ఆల్బమ్ అనే బూజు నుంచి వచ్చింది. 1974లో వెలుగులోకి తెచ్చారు. వెంట్రుకల్లోని కెరాటిన్‌నూ జీర్ణం చేస్తుందని పేరులో ఆ 'కె'. మామూలు ఎంజైములు ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ తగిలితే చతికిలపడతాయి, ఇది మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఎస్‌డీఎస్ ప్రొటీన్ మడతలు విప్పితే, ఇది కోసుకుంటూ పోతుంది.

మీకు కావలసింది ఎక్కువ ఎంజైమ్ కాదు, చిన్న ముక్కలు, ఎక్కువ సమయం. 25 మిల్లీగ్రాముల కార్జాన్ని బ్లేడుతో ముద్దలా తరగండి. 0.5 శాతం ఎస్‌డీఎస్ ఉన్న అర మిల్లీలీటరు బఫర్‌లో వేసి, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములున్న ప్రొటినేజ్-కె స్టాక్ నుంచి రెండున్నర మైక్రోలీటర్లు కలిపి, మధ్యమధ్యలో గొట్టాన్ని తిరగేస్తూ రాత్రంతా ఉంచండి. రెండున్నరే! ఈ లెక్క గైడ్‌గారికి చూపించండి.

వాటర్‌బాత్‌ని మాత్రం నమ్మకండి. నా పరిశోధన రోజుల్లో ఓ రాత్రి కరెంటు పోయింది. పొద్దున వెళ్తే బాత్ చల్లగా ఉంది, గొట్టం అడుగున తెల్లటి పేరుడు. డీఎన్‌ఏ అనుకుని మురిసిపోయి పక్క బెంచీవాళ్లను కూడా పిలిచాను. వేడి చేయగానే మాయమైంది, చలికి గడ్డకట్టిన ఎస్‌డీఎస్ అది! కార్జం ముక్క మాత్రం ఉడికిన కుంకుడు గింజలా అలాగే ఉంది.

ఇక 1.5 సంగతి. వెంటనే ప్రొటీన్ మీద నెపం వేయకండి. ప్రొటీన్‌ని వేరుచేయడానికి ఫినాల్ వాడుతున్నారా? గ్రాఫ్‌లో 270 నానోమీటర్ల దగ్గర గూను కనిపిస్తే మిగిలిపోయింది ఫినాలే. క్లోరోఫామ్‌తో ఇంకోసారి కడగండి. డీఎన్‌ఏని డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి చదివితే కూడా నిష్పత్తి తగ్గుతుంది, ఆ నీళ్లు కాస్త ఆమ్లంగా ఉంటాయి కాబట్టి. పీహెచ్ 8 టీఈ బఫర్‌లో కరిగించి, అదే బఫర్‌ని బ్లాంక్‌గా, అంటే సున్నా కొలతగా, పెట్టి చదవండి. చాలామందికి సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఆర్‌ఎన్‌ఏకి ఈ రాత్రి ఊరవేత పనికిరాదు. కణంలోని ఆర్‌ఎన్‌ఏస్‌లు, అంటే ఆర్‌ఎన్‌ఏని తెగ్గొట్టే ఎంజైములు, మొండివి. ఆర్‌ఎన్‌ఏస్-ఏలో నాలుగు డైసల్ఫైడ్ బంధాల ముడులున్నాయి, మరిగించినా తట్టుకుంటుంది. దాన్ని ముందు ప్రొటీన్ మడతలు విప్పేసే గ్వానిడీన్ థయోసయనేట్ ద్రావణంతో పడగొట్టాలి. అన్నట్టు, కొట్టులో పొద్దుట్నుంచి వేలాడుతున్న కార్జం కొనుక్కొచ్చి ఆర్‌ఎన్‌ఏ రాలేదంటే ఏ ఎంజైమూ ఏమీ చేయలేదు. కోసేటప్పుడే దగ్గరుండి, చిన్న ముక్కను అక్కడికక్కడే ఆ ద్రావణంలో వేసుకురండి.