‘బాండికూట్’ అనే ఇంగ్లీషు మాటకు అర్థం ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మాట మనదే. తెలుగు ‘పందికొక్కు’ 18వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లీషులోకి చేరి బాండికూట్ అయింది. ‘కొక్కు’ అంటే ఎలుక. పందిలా గుర్రుమంటూ నేలను తవ్వే పెద్ద ఎలుక కాబట్టి పందికొక్కు. పొలంలో వరి కంకులను కలుగులోకి లాక్కుపోయే ఈ జంతువును రైతులకు వేరే పరిచయం చేయనక్కరలేదు. శాస్త్రవేత్తలు కూడా ఆ ప్రజాతికి ‘బాండికోటా’ అనే పేరే ఖాయం చేశారు.

చిక్కు ఆస్ట్రేలియాలో వచ్చింది. అక్కడ పొడుగు ముక్కుతో మట్టి తవ్వే ఒక చిన్న జంతువును చూసి, పోలిక కుదిరిందని ఇంగ్లీషువారు అదే పేరు పెట్టేశారు. నిజానికి అది ఎలుక జాతే కాదు. కంగారూలా పిల్లలను సంచిలో పెంచుతుంది. ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా ఎంత చక్కని ఏర్పాటో!

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఇది క్రియ కూడా. పైన మొక్క కదలకుండా కింది బంగాళాదుంపలను దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని ‘బాండికూట్ చేయడం’ అంటారు. ‘పందికొక్కులా తింటున్నాడు’ అనే మన తిట్టుకు ఇది దూరపు చుట్టంలా అనిపిస్తుంది నాకు.

1996లో వచ్చిన వీడియో గేమ్ ‘క్రాష్ బాండికూట్’ నాయకుడు ఆస్ట్రేలియా జంతువే, పేరు మాత్రం తెలుగుది.