సిగార్లన్నీ ఒకేలా అనిపిస్తున్నాయా? ముందు ఘాటునీ రుచినీ విడదీయండి

మీరు అడిగింది ఇది: ఈమధ్యే సిగార్లు కాల్చడం మొదలుపెట్టారు, దుకాణంలో చేతికందిన రకాలు కొన్ని ప్రయత్నించారు, అన్నీ ఒకే పొగలా ఉన్నాయి. రివ్యూల్లో మాత్రం కోకో, తోలు, దేవదారు, తేనె అని రాస్తున్నారు. లోపం మీ నాలుకలో ఉందా, వాళ్లు ఊహించుకుని రాస్తున్నారా అన్నది మీ సందేహం.

మీ నాలుకలో ఏ లోపమూ లేదండీ. పొడవుదొకటి, పొట్టిదొకటి, డొమినికన్‌ది ఒకటి, నికరాగువాది ఒకటి, ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాలిస్తే ఎవరికైనా తెలిసేది ఏది ఘాటుగా ఉంది, ఏది చప్పగా ఉంది అన్నదే. అక్కడే చాలామంది ఆగిపోతారు. ఘాటుగా ఉంటే మంచి సిగార్, లేకపోతే పస లేని సిగార్ అని ఒక లెక్కకు వచ్చేస్తారు. కానీ ఘాటు వేరు, రుచి వేరు.

నేను పుట్టింది ప్రకాశం జిల్లాలో, పొగాకు బ్యారన్ల (ఆకు ఆరబెట్టే కొట్టాల) మధ్య. ఇప్పుడు ఉండేది ఫ్లోరిడాలోని టాంపాలో. ఇక్కడి ఇబోర్ సిటీ అనే పేట సిగార్ల మీదే పుట్టింది. విసెంటే మార్టినెజ్ ఇబోర్ అనే ఆయన 1885లో ఇక్కడ స్థలం కొని సిగార్ ఫ్యాక్టరీ పెట్టాడు. క్యూబా, స్పెయిన్, ఇటలీల నుంచి వేల మంది పనివాళ్లు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లు సిగార్లు చుడుతుంటే ఒక మనిషి ఎత్తైన వేదిక మీద కూర్చుని వార్తాపత్రికలు, నవలలు గట్టిగా చదివి వినిపించేవాడు. అతని జీతం పనివాళ్లే చందాలేసుకుని ఇచ్చేవారు. 1931లో యజమానులు ఆ చదువరులను తీసేశారు. నాకు ఈ ఊరి మీద ప్రేమ కలగడానికి సిగార్ల కన్నా ఈ సంగతే ఎక్కువ కారణం. 1910లో కట్టిన గడియారపు గోపురం భవనంలో జె.సి. న్యూమన్ ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది. టాంపా వైపు వస్తే తప్పకుండా లోపలికి వెళ్లి చూడండి. ఆకు వాసన ఒక్కటి చూసినా సగం పాఠం అయినట్టే.

మా జిల్లాలో పండేది సిగరెట్లకు వాడే వర్జీనియా. దాన్ని బ్యారన్‌లో వేడి గొట్టాల మీద వారం లోపే ఆరబెడతారు, అందుకని ఆకులో చక్కెర నిలిచిపోతుంది. పొగకు ఆమ్ల గుణం ఉంటుంది, నికోటిన్ ఒంటికి పట్టాలంటే ఊపిరితిత్తుల్లోకి లాగాల్సిందే. సిగార్ ఆకు సంగతి వేరు. కొట్టాల్లో వేలాడదీసి గాలికే వారాల తరబడి ఆరనిస్తారు, చక్కెర దాదాపు పోతుంది. తర్వాత పెద్ద పెద్ద కుప్పలుగా పేర్చి, లోపల వేడి పుట్టేలా చేసి, తిరగేస్తూ నెలల పాటు ముగ్గబెడతారు. అమ్మోనియా వాసన పోయేది అప్పుడే. (కొత్తగా వచ్చిన చవక సిగార్లు కొన్నిటిలో ముక్కుకు చురుక్కుమనే వాసన వస్తే, ముగ్గడం పూర్తి కాలేదని అర్థం. పక్కన పెట్టేయండి.) ఇలా తయారైన ఆకు పొగకు క్షార గుణం ఉంటుంది కాబట్టి నికోటిన్ నోటి పొరల గుండానే ఎక్కుతుంది. సిగార్‌ను లోపలికి పీల్చాల్సిన అవసరమే లేదు. సిగరెట్ అలవాటున్నవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి.

ఘాటు అంటే ఈ నికోటినే. అది నాలుక మీద కన్నా ఒంట్లో ఎక్కువ తెలుస్తుంది: తల తేలికైనట్టు, చెమట పట్టినట్టు, కడుపులో తిప్పినట్టు. రుచి తెలిసేది నోట్లోనూ ముక్కులోనూ. మొక్క ఎక్కడ పెరిగింది, ఆకు దానిలో ఏ ఎత్తున కాసింది అన్నదాన్ని బట్టి ఈ రెండూ మారతాయి. పై కొసన ఎండంతా తినే ఆకును లిజెరో అంటారు, ఘాటు అందులోనే ఎక్కువ. మధ్య ఆకు సెకో, వాసన దీనిలో బాగుంటుంది. అడుగు ఆకు వోలాడో, ఘాటు తక్కువ, చక్కగా మండుతుంది. ఈ మూడూ కలిపి లోపల పెట్టేది ఫిల్లర్. దాన్ని పట్టి ఉంచే ఆకు బైండర్. పైన కనిపించే నునుపు ఆకు ర్యాపర్.

ఇక మీరు చేయాల్సింది. ఏదో ఒక్క సంగతి మాత్రమే మారే జత ఎంచుకోండి. నాకు కళ్లు తెరిపించిన జత పాడ్రోన్ కంపెనీ వాళ్ల ‘2000’ రకం. ఇది 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్ ఉండే రొబుస్టో, అంటే పొట్టిగా లావుగా ఉండే సైజు (రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల్లో చెప్పే మందం). పూర్తిగా నికరాగువా పొగాకు. నేచురల్, మడూరో అని రెండు రంగుల ర్యాపర్లతో వస్తుంది. మడూరో అంటే ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం ముగ్గబెట్టి నల్లబడనిచ్చిన ఆకు. ఒక వారాంతం ఒకటి, మరో వారాంతం రెండోది, ఒకే వేళలో, ఒకే రకం భోజనం తర్వాత కాల్చాను. నేచురల్‌లో వేయించిన వేరుశనగ, ఎండు చెక్క, నాలుక కొసన మిరియాల చురుకు. మడూరోలో ఆ చురుకు బాగా తగ్గి, అడుగున మిగిలిన చిక్కటి డికాషన్ లాంటి చేదు, దాని వెనక సన్నటి తీపి వచ్చాయి. ఘాటులో నాకు పెద్ద తేడా తెలియలేదు. నల్లగా ఉన్నదల్లా ఘాటైనది కాదని అప్పుడు నమ్మకం కుదిరింది.

దీనికి ముందు ఒక మెత్తటి సిగార్‌తో మొదలుపెడితే ఇంకా మంచిది. మకనూడో కఫే ఎక్కడైనా దొరుకుతుంది. దాని లేత రంగు ర్యాపర్ కనెటికట్ షేడ్, చేను మొత్తం మీద పల్చటి గుడ్డ పందిరి వేసి ఎండ తగ్గించి పెంచే ఆకు. మొదటి పది నిమిషాలు ఏమీ లేదనిపిస్తుంది. ఓపిక పట్టండి. నాకు ఎండుగడ్డి, కాచిన పాల మీగడ, చివర్లో కాస్త గింజల రుచి తెలిశాయి. ఇందులో ఘాటు చాలా తక్కువ కాబట్టే చిన్న రుచులు బయటపడతాయి. దీన్ని చప్పనిదని తీసిపారేసేవాళ్లతో నేను ఎప్పుడూ ఏకీభవించను.

ఆ తర్వాత ఆర్టురో ఫుఎంటే వాళ్ల షార్ట్ స్టోరీ. 4 అంగుళాలే ఉంటుంది, రెండు కొసలూ సన్నగా ఉంటాయి. ర్యాపర్ కామెరూన్ ఆకు, వేలితో రుద్దితే సన్నటి గరుకు తగులుతుంది. సన్నటి కొసతో మొదలవుతుంది కనుక ముందు ర్యాపర్ రుచే ఎక్కువ వస్తుంది, మంట లావు భాగానికి చేరేకొద్దీ ఫిల్లర్ కలుస్తుంది. ఆ మార్పును కొత్తవాళ్లు కూడా పట్టుకోగలరు. నాకు దాల్చినచెక్క లాంటి తియ్యటి మసాలా వాసన తగిలింది. నా వరకు అన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే.

ఒలీవా సీరీ వీ లాంటివి మాత్రం తర్వాతకు ఉంచండి. నికరాగువాలోని హలాపా లోయ లిజెరో అందులో బాగా వేస్తారు. రుచి అద్భుతం, కానీ అలవాటు లేని ఒంటికి సగం దాటేసరికి ఘాటు తలకెక్కుతుంది, ఇక రుచి మీద ధ్యాస ఎక్కడుంటుంది? ఎప్పుడైనా అలా కళ్లు తిరిగినట్టైతే సిగార్ పక్కన పెట్టేసి, కూర్చుని, చక్కెర నీళ్లో పళ్లరసమో తాగండి. ఖాళీ కడుపుతో అసలు కాల్చొద్దు.

తిండి మాట వచ్చింది కాబట్టి మన వాళ్లకు మాత్రమే చెప్పాల్సిన సంగతి ఒకటి. ఆవకాయో గోంగూరో తిన్న నోటితో సిగార్ రుచి చూడలేం, కారమే మిగులుతుంది. పెరుగన్నంతో ముగించి, నీళ్లు పుక్కిలించి, కాసేపు ఆగితే నోరు సిద్ధంగా ఉంటుంది.

కాల్చే వేగం కూడా రుచిని పాడుచేస్తుంది. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. వెంటవెంటనే లాగితే మొన వేడెక్కి, ఏ సిగార్ అయినా ఒకే చేదుకు వచ్చేస్తుంది. మీకు అన్నీ ఒకేలా ఉండటానికి ఇదీ కారణం కావచ్చు. పొగను నోట్లో కాసేపు తిప్పి, చాలావరకు వదిలేసి, మిగిలిన కొంచెం ముక్కులోంచి వదిలి చూడండి. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. రివ్యూ ముందే చదవొద్దు. అమెరికన్ రివ్యూయర్ బాల్యంలో తిన్న బిస్కెట్ మీ జ్ఞాపకంలో లేదు. మీకు వక్క గుర్తొస్తే వక్క అని, కొత్త బెల్లం గుర్తొస్తే బెల్లం అని రాసుకోండి. చివరి మూడో వంతులో వేడి, చేదు పెరుగుతాయి. అక్కడ ఆపేయడంలో తప్పేమీ లేదు.

నిల్వ గురించి ఎక్కువ ఆలోచించకండి. గాలి చొరని డబ్బాలో 65 నుంచి 69 శాతం తేమ ఉంచే ప్యాకెట్ ఒకటి వేస్తే సరిపోతుంది.

మా తాతయ్య చుట్ట తాగేవారు. మా వైపు పండే వర్జీనియా ఆయనకు నచ్చేది కాదు, గోదావరి లంకల ఆకు తెప్పించుకుని తనే చుట్టుకునేవారు. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పండే ఆ ఆకు ఘాటుకు పెట్టింది పేరు. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ ఎంత ఎక్కువో మన డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. పొగ పీల్చడం లేదు కాబట్టి సిగార్‌తో ప్రమాదం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు సిగార్ కారణమవుతుంది. పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండొచ్చు. నేను అరుదుగా కాలుస్తాను, పిల్లలున్న ఇంట్లో కాల్చను. నోట్లో మానని పుండో తెల్లమచ్చో కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. ఇంకా అలవాటు కానివాళ్లు ఇది చదువుతుంటే, మొదలుపెట్టకపోవడమే మంచిదని మనస్ఫూర్తిగా చెబుతాను.

క్యూబన్ సిగార్ల గురించి కూడా అడిగారు. 1962 నుంచి అమెరికాలో అవి అమ్మడం నిషిద్ధం. మధ్యలో ప్రయాణికులు సొంతానికి తెచ్చుకోవడానికి వీలిచ్చారు, 2020 సెప్టెంబరులో అదీ తీసేశారు. ఎవరైనా చాటుగా అమ్ముతామంటే కొనకండి, నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. 1959 విప్లవం తర్వాత క్యూబా వదిలి వచ్చిన కుటుంబాలే నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్‌లలో ఈ పనిని నిలబెట్టాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కావాల్సిన తేడాలన్నీ అక్కడి ఆకుల్లోనే ఉన్నాయి. బాక్సులు కాకుండా విడివిడిగా కొనండి. ముందు మకనూడో, తర్వాత ఆ పాడ్రోన్ జత. రెండిట్లో మీకు ఏం తేడా తెలిసిందో ఇక్కడే రాస్తే, దాన్ని బట్టి తర్వాత ఏది చూడాలో చెబుతాను.