ఊరికే వచ్చిన టేకు ముక్కలు, మూడు లక్షల అప్పు

ప్రశ్న: బల్లార్షాలో ఫర్నిచర్ పని చేస్తాను. మిగిలిపోయిన టేకు, నల్లమద్ది ముక్కలు షెడ్డు నిండా పేరుకున్నాయి. వాటితో ఎండ్ గ్రెయిన్ (కట్టె కోత ముఖం పైకి ఉండే) కటింగ్ బోర్డులు చేసి ఒక్కోటి రూ.1,200కు అమ్ముదామని ఉంది. డ్రమ్ శాండర్ (సానపట్టే మిషన్), కొత్త టేబుల్ సా (బల్ల రంపం) కొనడానికి 14 శాతం వడ్డీతో రూ.3 లక్షల పర్సనల్ లోన్ వస్తుంది. రూ.1.2 లక్షల ఎఫ్‌డీ కూడా ఉంది. లోన్ తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీ పని మీద అనుమానం ఉండి చెప్పడం లేదు. మటన్ కొట్లో చింత మొద్దును నిలువుగా ఎందుకు నిలబెడతారో మీకు తెలియనిది కాదు. కోత ముఖం పైకి ఉంటే కత్తి అంచు నారల మధ్యకు దిగుతుంది, గాటు త్వరగా పడదు. మీ బోర్డుదీ అదే సూత్రం, మంచి సరుకే. నా బెంగంతా లెక్క గురించే.

మీ లెక్కలో కట్టె ఖర్చు సున్నా, మీ కూలీ కూడా సున్నా. మొదటిది ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. 12 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు బోర్డు చూద్దాం. పట్టీలు చీరాలి, అతికించి క్లాంపులు బిగించాలి, ఆరాక అడ్డంగా కోయాలి, ఒక్కో ముక్కనూ తిప్పి మళ్లీ అతికించాలి. ఆ తర్వాత అసలు కష్టం, సానపట్టడం. 80 నంబరు గరుకు కాగితం వదిలిన గీత పొడిగా ఉన్నప్పుడు కనబడదు, నూనె రాయగానే తేలుతుంది. మళ్లీ మొదటికి రావాలి. ఇదంతా ఐదు గంటలు అనుకుందాం. రోజుకు 900 సంపాదించే చేతులకు అది 560 రూపాయలు. జిగురు, కాగితం, నూనె, ప్యాకింగ్‌కు 240, కొరియర్‌కు 150 వేశాను. మిగిలేది 250.

ఆ లోన్ మూడేళ్లకు తీసుకుంటే కిస్తీ నెలకు సుమారు 10,250. అంటే నెలకు 41 బోర్డులు, 205 గంటల పని, కిస్తీకే సరి! ఇక తలుపులు, మంచాలు ఎప్పుడు చేస్తారు? మిషన్ వస్తే గంటలు తగ్గుతాయి, నిజమే. కొనేవాళ్లు మాత్రం మిషన్‌తో పాటు రారు.

మన ఇళ్లలో కత్తిపీటే ఉంటుంది, దాన్ని పక్కనపెట్టి బోర్డుకు 1,200 ఇచ్చేవాళ్లు తక్కువ. అందుకే తాడోబా పులుల అడవి దారిలో, మోహర్లీ వైపు రిసార్టుల్లో చూపించండి. అయితే జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కోర్ (లోపలి) అడవి మూసేస్తారు, గిరాకీ పడిపోతుంది. అవే నెలల్లో మీ కట్టె తేమ పీల్చి ఉబ్బుతుంది, అతుకుల పనికి అదను కాదు. కిస్తీ ఆ మూడు నెలలూ ఆగదు.

కాబట్టి వానలు వెళ్లాక ఉన్న పనిముట్లతోనే 20 బోర్డులు చేసి అమ్మండి. చదును చేయడానికి రూటర్‌కు (చేతి చెక్కుడు మిషన్) స్లెడ్, అంటే దాన్ని బోర్డు మీద జరిపే చట్రం, కట్టుకుంటే చాలు. ప్లేనర్‌లోకి (చిత్రిక మిషన్) మాత్రం పంపకండి, కోత ముఖం పెచ్చులు లేస్తుంది, బోర్డే పగిలి మీదికి రావచ్చు. గుట్టలో పాత రైల్వే స్లీపర్ ముక్కలుంటే ఇప్పుడే ఏరేయండి. అది క్రియోసోట్ (చెదలు, కుళ్లు పట్టకుండా వేసే విషపు తారు నూనె) పట్టించిన కట్టె, కూరగాయలు తరిగే చోటికి రాకూడదు. రంగేసిన పాత తలుపు ముక్కలూ అంతే.

ఆ 20 అమ్ముడుపోతే అప్పుడు చేతివృత్తుల వాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ కింద దరఖాస్తు పెట్టండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ అయ్యాక పూచీకత్తు లేకుండా తొలి విడత రూ.లక్ష, 5 శాతం వడ్డీకి, 18 నెలలకు ఇస్తారు. కిస్తీ దాదాపు 5,780, మొత్తం వడ్డీ 4,000. పనిముట్లకు రూ.15,000 విడిగా వస్తుంది. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. పాత ముద్రా లోన్ ఉంటే ముందు తీర్చేయండి. మహారాష్ట్ర దాటించి తెలంగాణలోని మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు అమ్మే ముందు జీఎస్టీ సంగతి అకౌంటెంట్‌ని అడగండి, రూ.40 లక్షల మినహాయింపు ఆ అమ్మకాలకు మామూలుగా వర్తించదు.

ఎఫ్‌డీ ముట్టుకోకండి. టేబుల్ సా ముందు నిలబడే మనిషి ఇంటికి ఆ డబ్బు ఉండి తీరాలి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) మీ ఖాతాలో కడుతున్నారో లేదో ఈ వారమే పాస్‌బుక్‌లో చూసుకోండి. ఒక చెయ్యి పూర్తిగా పనికిరాకుండా పోతే అది లక్ష ఇస్తుంది, వేలు తెగితే ఇవ్వదు. చిన్న ముక్కలు కోసేటప్పుడు చేత్తో కాదు, కర్రతోనే తొయ్యండి.