ఫ్రేములో పడని బట్టల స్టాండు

"జపాన్ వాళ్ళ లైఫ్‌స్టైల్ వీడియోల్లో కనిపించే ఆ ఇళ్ళు, ఆ ప్రశాంతత నిజమేనా? లేక పైన పటారం లోన లొటారమా?" అని అడిగారు. నేను టోక్యోలో, నిషి కసాయ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను. అలాంటి అకౌంటు నడిపే అమ్మాయి మా ఆఫీసులోనే ఉంది. నేను చూసినంత వరకు చెప్తాను.

ఆమె ఉండేది ఒక్క గదిలో. ఆరు తతామీలు (గదిని కొలిచే గడ్డి చాపలు), అంటే మన లెక్కలో ఇంచుమించు వంద చదరపు అడుగులు. ఓ శనివారం పొద్దున్నే సాయానికి రమ్మంటే వెళ్ళాను. జూన్ నెల, అక్కడ వానాకాలం, బట్టలు ఇంట్లోనే ఆరాలి. ముందు తడిబట్టలతో సహా ఆ స్టాండును ఎత్తి బాత్రూములోకి తోశాం. వెనకే చెత్త సంచీ కూడా వెళ్ళింది, ఎందుకంటే కాల్చే చెత్త తీసుకెళ్ళే రోజు మంగళవారం. ఇక కిటికీ దగ్గర మిగిలింది ఒక చెక్క ట్రే, నార గుడ్డ, మిసో సూప్ గిన్నె. ఆ ఒక్క పూటే చొక్కాలు మార్చుకుంటూ మూడు రోజుల టిఫిన్ల వీడియోలు తీసేసింది. అంతా అయ్యేసరికి చల్లారిపోయిన ఆమ్లెట్లను మైక్రోవేవ్‌లో పెట్టుకుని తిన్నాం.

"ఇది మోసం కాదా?" అని నా వచ్చీరాని జపనీస్‌లో అడిగేశాను. ఆమెకు నా ప్రశ్న వింతగా అనిపించింది. "చుట్టాలొస్తుంటే మీరు ఇల్లు సర్దుకోరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా పిన్ని తెనాలి నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా నేను ఫోను ఏ గోడ వైపు తిప్పుతానో నాకు తెలుసు కదా.

అక్కడ "మోరు" అని ఒక మాట ఉంది. గిన్నెలో అన్నం కుప్పగా వడ్డించడాన్ని అలా అంటారు. ఫొటోలో కళ్ళు పెద్దవి చేసుకోవడానికీ అదే మాట. 1995లో పురికురా ఫొటో బూత్‌లు వచ్చాయి, రానురాను అవే కళ్ళు పెద్దవి చేసి, చర్మం నునుపు చేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ ఫొటో అబద్ధమని తీసుకున్నవాళ్ళూ అనుకోరు, చూసినవాళ్ళూ అనుకోరు. ఇన్‌స్టాలో అందంగా పడేదాన్ని "ఇన్‌స్టాబయె" అంటారు. 2017లో ఆ ఏటి కొత్త మాటలకిచ్చే అవార్డు గెలిచిన రెండింట్లో అదొకటి. చెక్క ట్రేల బతుకుకు "తెయినెయి నా కురాషి" అని పేరు, అంటే ప్రతి పనీ శ్రద్ధగా చేసుకుంటూ బతకడం. దాన్ని వెక్కిరించేవాళ్ళు కూడా అక్కడే బోలెడుమంది. ఇల్లు సర్దడం లోకమంతటికీ నేర్పిన మారీ కోండో కూడా, ముగ్గురు పిల్లలయ్యాక సర్దుడు కొంత వదిలేశానని ఒప్పుకున్నట్టు 2023 జనవరిలో వార్తలొచ్చాయి.

మీకు మరో అనుమానం రావచ్చు, వీళ్ళు ముఖం ఎందుకు చూపించరని. మన హోమ్ టూర్లు "హాయ్ ఫ్రెండ్స్" అంటూ ముఖంతోనే మొదలవుతాయి. అక్కడ మెడ కింద నుంచే, అదీ చాలాసార్లు మాట లేకుండా, కూరగాయలు తరిగే చప్పుడుతో. ఇందులో దాచిపెట్టే బుద్ధి కంటే భయం ఎక్కువ. సెల్ఫీలో ఒక యువ గాయని కంటిపాపలో పడ్డ రైల్వే స్టేషన్ నీడను బట్టి ఆమె ఉండే చోటు పట్టుకుని దాడి చేసినవాడు 2019లో అరెస్టయ్యాడు. ఎవరో, ఎక్కడుంటారో బయటపడిపోవడాన్ని "మిబరె" అంటారు. మా ఆఫీసు అమ్మాయి కేఫ్ ఫొటో కూడా ఇంటికొచ్చాకే పెడుతుంది.

మరి వాళ్ళకు ఏది మోసం? డబ్బు తీసుకుని చెప్పకపోవడం. దాన్ని "సుతెమా" అంటారు. 2012 చివర్లో, వేలం సైట్లలో తాము కొనని వస్తువులను చవగ్గా కొన్నామని కొందరు సెలబ్రిటీలు బ్లాగుల్లో రాసిన సంగతి బయటపడి పెద్ద గొడవైంది. ఆఖరికి 2023 అక్టోబర్ 1 నుంచి, ప్రకటన అని చెప్పకుండా ప్రకటన చేయడాన్ని నిషేధించారు. ఆ నియమం పట్టుకునేది వస్తువు అమ్మే కంపెనీని, పోస్టు పెట్టినవాళ్ళను కాదు. ఇంకా కనబడుతున్న పాత పోస్టులకూ అది వర్తిస్తుంది. అందుకే అప్పట్లో ఒక కంపెనీ మా ఆఫీసు అమ్మాయికి మెయిలు పెట్టింది, ఎప్పుడో పెట్టిన పెనం పోస్టుకు ఇప్పుడు "పీఆర్", అంటే ఇది ప్రకటన, అని చేర్చమని. దాని కింద ఆమె "ఈ మధ్య కొన్నవాటిలో నాకు బాగా నచ్చింది, ఏదీ అంటుకోదు" అని రాసి ఉంది. అది ఉచితంగా వచ్చిన పెనం.

బట్టల స్టాండు దాచినప్పుడు నవ్విన పిల్ల, ఆ మెయిలు నాకు చూపించేటప్పుడు మాత్రం తల ఎత్తలేదు. పాత పోస్టులన్నీ తిరగేసి మరో నాలుగింటికి కూడా, ఎవరూ అడగకుండానే, "పీఆర్" చేర్చింది. మీరు చూసే వీడియోల్లోనూ ఆ మాట ఉందో లేదో చూడండి. గది ఇరుకా విశాలమా అన్నది నేనైతే పట్టించుకోను.

పెనం నాకిచ్చేసింది. దోసె అంటుకుంటోంది.