సందేహాలు – సమాధానాలు: అశ్వత్థమా, అశ్వద్ధమా?

సందేహం: భగవద్గీత తాత్పర్యాలు రెండు మూడు తిరగేస్తే, పదిహేనో అధ్యాయం మొదట్లో సంసారాన్ని పోల్చిన చెట్టు పేరు ఒకచోట ‘అశ్వత్థం’, ఒకచోట ‘అశ్వద్ధం’, మరోచోట ‘అశ్వథం’ అని ఉంది. ఏది ఒప్పు? వేళ్లు పైన, కొమ్మలు కింద అన్నారు కాబట్టి అది ఊడలు దిగే మర్రి కావాలి గానీ రావి ఎలా అవుతుంది? అశ్వత్థామ పేరుకూ ఈ చెట్టుకూ చుట్టరికం ఉందా?

సమాధానం: ‘అశ్వత్థం’ ఒక్కటే ఒప్పు. అంటే రావి. తకు థ వత్తు. మాట్లాడేటప్పుడు మనం వత్తులు పెద్దగా పలకం కనుక రాతలో థ, ధ కలిసిపోతుంటాయి. ‘అర్థం’ రాయాల్సిన చోట ‘అర్ధం’ (సగం) రాసేది కూడా ఇలాగే. ‘కపిత్థజంబూ’ అని వినాయకుడి శ్లోకం చదివేవాళ్లకు ఈ త్థ కొత్తేమీ కాదు. కపిత్థం అంటే వెలగ.

ఆ త్థలోనే అసలు విషయం ఉంది. అది ‘స్థా’ ధాతువు (నిలుచుట) నుంచి వచ్చిందని, గుర్రాలు నీడకు నిలబడే చెట్టు కాబట్టి అశ్వత్థమని ఒక వ్యుత్పత్తి. శంకరులు గీతాభాష్యంలో ఇదే మాటను ఇంకోలా విడదీశారు: ‘న శ్వోఽపి స్థాతా’. శ్వః అంటే రేపు. రేపటిదాకా కూడా నిలవనిది, అంటే సంసారం. మాట పుట్టుక వరకైతే నా ఓటు గుర్రాలకే. కానీ భాష్యకారుడు చెబుతున్నది మాట చరిత్ర కాదు, ఆ సందర్భంలో దాని తాత్పర్యం. రెంటినీ ఒకే త్రాసులో తూచకూడదు. ఏ దారిన వెళ్లినా ‘నిలవడం’ తప్పదు. ద్ధ రాశారా, రెండు దారులూ మూసుకుపోతాయి.

మరి రేపటికి నిలవనిదాన్ని ఆ అధ్యాయం మొదటి శ్లోకమే ‘అవ్యయం’ (నశించనిది) అంటుందేం? ఏ క్షణానికి ఆ క్షణం పోతూనే ఉన్నా ఆ ప్రవాహానికి మొదలూ చివరా కనిపించవు కాబట్టి.

ఇక మర్రి సంగతి. మీ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. రెండో శ్లోకంలో ‘అధశ్చ మూలాని’, కిందికి కూడా వేళ్లు పాకాయని ఉంది. అది చదివితే ఊడలే గుర్తొస్తాయి. అయినా సంస్కృతంలో మర్రికి వేరే మాటలున్నాయి: వటం, న్యగ్రోధం. న్యగ్రోధమంటే కిందికి పెరిగేది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువు చేత పండు తెప్పించి, పగలగొట్టించి, గింజలోపల ఏం కనిపిస్తోందని అడిగింది ఈ న్యగ్రోధం గురించే. కఠోపనిషత్తు మాత్రం తలకిందుల చెట్టు దగ్గర ‘అశ్వత్థః’ అనే అంది. అమరకోశం అశ్వత్థానికి ఇచ్చిన పర్యాయపదాల్లో ‘చలదలః’ ఒకటి, కదిలే ఆకులు గలది అని. రావి ఆకు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. కాడ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. పక్క చెట్లు కదలని గాలికి కూడా ఇది గలగలలాడుతుంది. క్షణం నిలకడలేని సంసారానికి పోలిక కావాలంటే ఇంతకన్నా ఏం దొరుకుతుంది? పైగా వేదాలే ఆ చెట్టుకు ఆకులన్నాడు గీతాకారుడు.

వేళ్లు పైకున్న చెట్టు రావీ కాదు, మర్రీ కాదు. ఊడలు దిగినా మర్రికి తల్లివేరు నేలలోనే ఉంటుంది. మూడో శ్లోకం మొదలే ‘న రూపమస్యేహ’, దీని రూపం ఇక్కడ ఇలా కనిపించదు అని. చెట్టు పేరు తెలిసిందే, నిలబెట్టిన తీరు మాత్రం కల్పన. పైనున్న వేరు పరబ్రహ్మం.

అశ్వత్థామకు చెట్టుతో సంబంధం లేదు. పుడుతూనే గుర్రంలా సకిలించాడని ఆ పేరు పెట్టినట్టు భారతం ఆదిపర్వంలో ఉంది. అశ్వ, స్థామ (ఇక్కడ సకిలింపు) కలిసి అశ్వత్థామ అయింది. ఇక్కడా త్థే రాయాలి.